రెండొందల పన్నెండో లైను

సెప్టెంబర్ 2, సోమవారం

డయాలసిస్ సెంటర్‌కు ఏడాది నిండింది, ఒక మంచి వార్త ఇవ్వమన్నాడు డెస్క్ ఇన్‌చార్జి. ఒక ఫొటో, ముగ్గురు రోగుల మాటలు, ఎవరి మనసూ నొప్పించొద్దు అన్నాడు. ఇద్దరం ఒకే ఏడాది ఉద్యోగంలో చేరాం. అతను కుర్చీలో కుదురుకున్నాడు. నేను ఇంకా బస్సుల్లోనే తిరుగుతున్నాను.

పది మెషీన్లున్నాయి. పదీ నడుస్తున్నాయి. ఉచితమన్నది నిజమే. ఆసుపత్రి పీఆర్వో దగ్గరుండి చూపించాడు. పర్మనెంట్ స్లాట్ దొరకనివాళ్లు వెయిటింగ్ లిస్టులో ఉంటారు. ఎవరిదైనా స్లాట్ ఖాళీ అయితే లిస్టులో ముందున్న మనిషి ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది. ఖరారు అని నొక్కి వచ్చి పడుకోవడమే. సిఫారసు లేదు, చేతులు తడపడం లేదు, అసలు మనిషి చెయ్యే పడదు మేడమ్ అన్నాడు. చనిపోయినవాళ్ల పేర్లు ఎవరు తీస్తారని అడిగాను. అన్నీ సిస్టమే చూసుకుంటుందన్నాడు.

గేటు బయట ఒకావిడ ఆపింది. పేపర్ నుంచి వచ్చారా అని అడిగి, మడత పెట్టిన కాగితం చేతిలో పెట్టింది. భర్త టైలర్. పోయిన నెలలో పోయాడు. ఆసుపత్రి ఇచ్చిన కాగితంలో చివరి వాక్యం: రెండుసార్లు స్లాట్ ఇచ్చినా రోగి రాలేదు.

ఆ రాలేదు అన్న మాట తీయించండి మేడమ్, నాకింకేం వద్దు అంది. రావాలని మాకు లేకనా అంది.

సెప్టెంబర్ 3, మంగళవారం

టైలర్ ఇంటికి వెళ్లాను. రెండు గదులు. ముందు గదే షాపు. మిషన్ కింద ఒక చొక్కా ఇంకా అలాగే ఉంది, ఒక చెయ్యి కుట్టి, రెండో చెయ్యి కుట్టకుండా. టైలర్ భార్య తీయబోతే ఆవిడ అత్త ఒప్పుకోలేదట.

కోడలు చెప్పింది ఇది. జబ్బు ముదిరాక అతనికి చూపు మసకేసింది, మెసేజ్‌లు చదవలేకపోయాడు. అత్తకు చదువు రాదు. అందుకని ఫోన్ కోడలి దగ్గరే ఉండేది. ఆవిడ పనిచేసే ప్యాకింగ్ యూనిట్‌లో ఫోన్లు గేటు దగ్గరే లాకర్‌లో పెట్టేయాలి. మొదటి మెసేజ్ సాయంత్రం బయటికొచ్చాక చూసింది. పదిహేను నిమిషాల్లో ఖరారు చేయాలట. మర్నాడు సూపర్‌వైజర్ కాళ్లావేళ్లా పడింది, ఫోన్ దగ్గర ఉంచుకుంటానని. నీ ఒక్కదానికిస్తే రేపు అందరూ అడుగుతారన్నాడు. రెండో మెసేజూ అలాగే పోయింది. ఆ తర్వాత వచ్చింది ఒకటే: మీరు రాలేదు, మీ స్థానం అరవై ఒకటి. అంతకుముందు రోజు ఒకటి.

అరవై ఒకటి ఎలా అయ్యిందో ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. ఆ నంబర్ తగ్గేదాకా అతను ఆగలేదు.

ఆ మెసేజ్‌లు చూపించమన్నాను. లేవంది. అతను పోయిన రోజే, చూడలేక, ఆసుపత్రి నుంచి వచ్చినవన్నీ చెరిపేసిందట. ఇప్పుడు ఫోన్ ఇంట్లోనే అల్మరాలో పెట్టి వెళ్తోంది. ఛార్జింగ్ మాత్రం అత్తే పెట్టిస్తుందట. కొడుకు గొంతు అందులో రెండు మూడు రికార్డింగుల్లో ఉంది.

అత్త వంటింటి గుమ్మంలో కూర్చుని వింటోంది. నావైపు చూడకుండానే మాట్లాడింది. ఆ యూనిట్ ఎంత దూరమమ్మా, రెండు వీధుల అవతల, ఫోన్ కూసిందంటే నడిచి రాలేదా ఈ మహాతల్లి అంది. ఆసుపత్రి మెసేజ్‌కని వాడు స్కూటర్ హారన్ మోత పెట్టుకున్నాడు, చెవిటోళ్లకు కూడా వినపడుద్ది, ఈవిడకే వినపడలేదు అంది.

కోడలు లేచింది. నాకు మంచినీళ్లు ఇచ్చింది.

సెప్టెంబర్ 4, బుధవారం

మా వెబ్ సెక్షన్ అతన్ని ఆఫీసులో అందరూ కర్సర్ అంటారు. ఒకచోట నిలవడు. పని మాత్రం చేస్తాడు.

ఆసుపత్రి సైట్‌ను బ్రౌజర్‌లో తెరిచాడు. ఏదో నొక్కాడు. పేజీ వెనకున్న రాతంతా బయటపడింది. వెయిటింగ్ లిస్టును నడిపేది ఆసుపత్రివాళ్లు రాసింది కాదట, ఇంటర్నెట్‌లో ఊరికే దొరికే ప్లగిన్ అట, అంటే సైట్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. దాని పేరు పట్టుకుని ఇంకో సైట్‌కు వెళ్లాడు. అక్కడ ఏ ప్లగిన్ లోపలి ఫైళ్లయినా డౌన్‌లోడ్ చేయకుండానే బ్రౌజర్‌లో చదువుకోవచ్చు. ఎడమ పక్కన ఫోల్డర్లు, కుడి పక్కన నంబర్లు వేసిన లైన్లు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. పదిహేను అన్న అంకె కోసం వెతకమన్నాను.

దొరికింది. రెండొందల పన్నెండో లైను. కర్సర్ విడమరిచి చెప్పాడు. మెసేజ్ వెళ్లాక పదిహేను నిమిషాల్లో జవాబు రాకపోతే మనిషి రాలేదు అని రాసుకుంటుంది. అలా రెండుసార్లయితే లిస్టు అడుక్కి తోసేస్తుంది. ఎందుకు జవాబివ్వలేదని అడిగే లైను ఎక్కడా లేదు.

దాని పైన, రాసినవాడు తన కోసం రాసుకున్న మాట ఒకటుంది. మన మాటే, ఇంగ్లిష్ అక్షరాల్లో. రెండుసార్లు ఎగ్గొట్టినోళ్లు లైను చివరికి, మా ఆవిడ ఆర్డర్.

రెండుసార్లు చదివాను. కర్సర్ నవ్వబోయి మానుకున్నాడు.

లింక్ పంపమన్నాను. పంపాడు. అది ఎవరు తెరిచినా అదే ఫైలు, అదే లైను పసుపు రంగులో కనిపిస్తుందట. ఇంతకాలం నా వార్తలకు ఇంత గట్టి సాక్ష్యం దొరకలేదు. పాఠకుడు నన్ను నమ్మక్కర్లేదు. తనే చూసుకోవచ్చు.

సెప్టెంబర్ 5, గురువారం

ప్లగిన్ రాసినాయన దొరికాడు. ఫైలు చివర్లో ఈమెయిల్ ఉంది. గంటలో ఆయనే ఫోన్ చేశాడు.

పగలు ఏదో గోడౌన్‌లో లెక్కలు రాస్తాడు. భార్యకు హెయిర్ కటింగ్ సెలూన్ ఉంది. ఆదివారాల్లో జనం బుక్ చేసుకుని రాకపోతే కుర్చీలు ఖాళీగా ఉండేవట. ఆవిడ తిట్టగా తిట్టగా ఈ ప్లగిన్ రాశాడు. పనికొస్తుందనిపించి అందరికీ ఊరికే ఇచ్చాడు. ఎవరెవరు వాడుతున్నారో ఆయనకు తెలియదు.

ఆసుపత్రి అన్నాను. ఏ ఆసుపత్రి అన్నాడు. డయాలసిస్ అన్నాను.  వెనక హెయిర్ డ్రయర్ మోత. తర్వాత, అమ్మా అది క్షవరానికి రాసిందండీ అన్నాడు.

టైలర్ సంగతి చెప్పాను. ఏదో ఒకటి చేస్తానండీ అని పెట్టేశాడు.

సెప్టెంబర్ 6, శుక్రవారం

వార్త ఇచ్చాను. పీఆర్వో వివరణ ఇవ్వలేదు, ఇవ్వలేదనే రాశాను. లింక్ మొత్తం అచ్చు వేయాలని పట్టుబట్టాను. ఇంత పొడుగు లింక్ ఎవడు కొడతాడే అన్నాడు డెస్క్ ఇన్‌చార్జి. కొట్టేవాడు కొడతాడన్నాను.

సెప్టెంబర్ 7, శనివారం, ఉదయం 7

మొదటి పేజీ అడుగున వచ్చింది. టైలర్ భార్యకు ఫోన్ చేశాను. పక్కింటివాళ్లు చదివి వినిపించారట. అత్త ఏమంది అని అడిగాను. నాకు కూడా టీ పెట్టింది అంది.

9.30

ప్లగిన్ ఆయన మెసేజ్. తీసేశానండీ, నిద్ర పట్టలేదు, ఆ లైను మొత్తం పీకేసి కొత్త వెర్షన్ పెట్టేశాను, ఇప్పుడు ఎవరినీ వెనక్కి తోయదు. చివర్లో దండం బొమ్మ.

మంచి పని చేశారని జవాబిచ్చాను. నిజంగానే అలా అనుకున్నాను.

11

పీఆర్వో నాకు ఫోన్ చేయలేదు. నేరుగా ఎడిటర్‌కు చేశాడు. మీ పేపర్ వేసిన లింకే మేమూ తెరిచాం, అందులో అలాంటి లైనే లేదు అన్నాడట. డెస్క్ ఇన్‌చార్జి తెరిచాడు. నేను తెరిచాను. రెండొందల పన్నెండో లైను పసుపు రంగులో ఉంది. అక్కడ ఉన్నది ఒక బ్రాకెట్.

12.15

కర్సర్ వచ్చి చూశాడు. ఆ సైట్‌లో లింకులు రెండు రకాలట. పైన అడ్రస్‌లో కనిపించేది ఎప్పుడూ తాజా వెర్షన్‌కే వెళ్తుంది. ఈ వెర్షనే కావాలంటే పక్కన చిన్న బటన్ నొక్కి వేరే లింక్ తీసుకోవాలి. అతను పంపింది మొదటి రకం. మీరు చూసుకోవడానికి అడిగారనుకున్నా మేడమ్, అచ్చేస్తారని నాకేం తెలుసు అన్నాడు. నేనూ అడగలేదు. కోర్టు తీర్పులో పేజీ నంబర్ రెండుసార్లు సరిచూసుకునే దాన్ని, దీన్ని చూసుకోలేదు.

రాసినాయన దయతలచి దిద్దాడు. దిద్దిన కాపీని మేం ఊరందరికీ పంచిపెట్టాం.

సెప్టెంబర్ 8, ఆదివారం

ఉపసంహరణ వేశారు. వార్త ఎంత పెద్దదో అంత పెద్దది. ఆధారం సరైనది కాదని తేలింది, చింతిస్తున్నాం.

పాత వెర్షన్ లింక్ తీసుకెళ్లి డెస్క్ ఇన్‌చార్జి ముందు పెట్టాను. అందులో లైను ఉంది. మా ఆవిడ ఆర్డర్ కూడా ఉంది. చూశాడు. పాతదాంట్లో ఉంది సరే, ఆసుపత్రి పత్రికా ప్రకటన ఇచ్చి మరీ ఎప్పటినుంచో కొత్తదే నడుపుతున్నానంటోంది, కాదని చూపించు అన్నాడు. కొత్తది పుట్టిందే నిన్న కదా అన్నాను. అది నీకూ ఆ మంగలాయనకూ తెలుసు, వాళ్ల కంప్యూటర్‌లో ఏముందో నీకు తెలుసా అన్నాడు.

కర్సర్ ఒక దారి చెప్పాడు. ప్రతి ప్లగిన్‌తో పాటు ఒక చిన్న టెక్స్ట్ ఫైలు వస్తుంది. వెర్షన్ నంబర్ అందులో ఉంటుంది. సరిగా మూయకపోతే ఎవరైనా బ్రౌజర్‌లో తెరవొచ్చు. ఆసుపత్రివాళ్లు మూయలేదు. తెరిచాం. పాత నంబరే ఉంది. పత్రికా ప్రకటన ఇచ్చిన తర్వాత కూడా వాళ్లు అప్‌డేట్ చేయలేదు. ఇప్పుడు కూడా, ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా, ఆ లైను నడుస్తోంది.

స్క్రీన్‌షాట్ తీశాం. డెస్క్ ఇన్‌చార్జి భోజనానికి వెళ్లాడు. వచ్చాక చూపిద్దామని మళ్లీ తెరిస్తే, అనుమతి లేదు అని వచ్చింది. లైను తీయడం చేతకాలేదు గానీ తలుపు మూయడం బాగానే చేతనైంది.

స్క్రీన్‌షాట్ చూపించాను. నీ జీతం స్లిప్పులో ఇంకో సున్నా పెట్టి ఇవ్వమన్నా ఇస్తాడు మన కర్సర్, వేయమంటావా అది కూడా మొదటి పేజీలో అన్నాడు.

సెప్టెంబర్ 10, మంగళవారం

వెళ్లకుండా ఉంటే బాగుండేది. వెళ్లాను.

తలుపు తీసింది అత్త. ఉపసంహరణ కూడా పక్కింటివాళ్లే చదివి వినిపించారు. పేపరోళ్లే తప్పయిందని చెప్పుకున్నారంట, ఇంకేముందమ్మా మాట్లాడ్డానికి అంది. కోడలు వెనక నిలబడి ఉంది. శనివారం నాకు టీ పెట్టావు గుర్తుందా అత్తా అంది, చాలా మెల్లగా. అబద్ధానికి పెట్టాను పో అంది ఆమె.

నేను అది అబద్ధం కాదని చెప్పాను. బ్రౌజర్, వెర్షన్, లింక్. చెప్తున్నకొద్దీ నా మాటలు నాకే సాకుల్లా వినిపించాయి.

బయటిదాకా కోడలు వచ్చింది. మీరు మంచికే చేశారు మేడమ్ అంది. ఇకమీదట రావద్దంది.

సెప్టెంబర్ 13, శుక్రవారం

పూల ప్రదర్శనకు పంపించారు.

సెప్టెంబర్ 17, మంగళవారం

ప్లగిన్ ఆయన ఆఫీసుకే వచ్చాడు, భార్యతో. సన్నగా, చొక్కా జేబులో రెండు పెన్నులు. ఆవిడ చేతులకు హెయిర్ డై మరకలు.

తన ప్లగిన్ పేజీలో ఎన్ని సైట్లు ఏ వెర్షన్ వాడుతున్నాయో కనిపిస్తుందట. చూపించాడు. నూటికి డెబ్బై పాతదాని మీదే ఉన్నాయి. వాటిల్లో ఆసుపత్రి ఏదో, పంటి డాక్టర్ ఏదో, పెళ్లి ఫొటోల స్టూడియో ఏదో ఆయనకు తెలియదు. అప్‌డేట్ వాళ్లు నొక్కాలండీ, నేను నొక్కలేను అన్నాడు. ఆసుపత్రికి నాలుగు మెయిల్స్ పెట్టాడు. మీ సలహాకు ధన్యవాదాలు అని నాలుగు జవాబులు వచ్చాయి. ఒకే జవాబు నాలుగుసార్లు.

ఆయన ఇంకోటి చెప్పాడు. కొత్త వెర్షన్‌లో మెసేజ్ వాక్యమే మార్చేశాడు. పదిహేను నిమిషాలన్న మాటే అందులో లేదు. రేపో మాపో ఏ రోగికైనా పదిహేను నిమిషాలంటూ మెసేజ్ వస్తే, ఆసుపత్రి ఇంకా పాతదే నడుపుతున్నట్టు. వేరే రుజువు అక్కర్లేదు.

 లేచేటప్పుడు ఆవిడ అంది. నా షాపులో రూలు అదేనమ్మా, రేపూ అదే. కానీ నా దగ్గరికి రాకపోతే జుట్టు పెరుగుద్ది, అంతే.

సెప్టెంబర్ 20, శుక్రవారం

సెంటర్ బయట మూడు గంటలు నిలబడ్డాను. వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్లతో మాట్లాడాను. పదిహేను నిమిషాల మెసేజ్ అనగానే అందరికీ తెలుసు. ఫోన్ చూపించమంటే ఎవరూ చూపించలేదు.

ఒక రిటైర్డ్ బస్సు డ్రైవర్ మాత్రం దాచకుండా చెప్పాడు. మీకేమమ్మా, రాసేసి ఇంకో ఊసు చూసుకుంటారు, రేపు ఆ మెషీన్ కింద చెయ్యి చాపాల్సింది నేను కదా.  ఆయన ఫోన్ గుప్పిట్లోనే ఉంది. బాత్రూముకు వెళ్లినా పట్టుకునే వెళ్తాడట. స్నానం చేసేటప్పుడు మనవరాలికిచ్చి తలుపు బయట నిలబెడతాడట. మిలటరీ డ్యూటీ అంటాను దాన్ని అని నవ్వాడు.

సెప్టెంబర్ 24, మంగళవారం

డ్రైవర్ మొదటి స్థానానికి వచ్చాడు. నిన్న రెండు. ఈ ఉదయం మెసేజ్ ఒకసారి తప్పిపోయిందట, స్లాట్ వెనకున్న మనిషికి పోయిందట. ఇంకోసారి తప్పితే ఏమవుతుందో ఆయనకు చెప్పాను. చెప్పకపోతే బాగుండేదేమో. అప్పటిదాకా నవ్వుతూ ఉన్నాడు.

అక్టోబర్ 1, మంగళవారం

డెస్క్ ఇన్‌చార్జి పిలిచాడు. ఆసుపత్రి మనకు ఏడాదికెన్ని ప్రకటనలిస్తుందో చెప్పబోయి మానేశాడు. నేను అడగలేదు. నువ్వు రాసింది తప్పని నేను అనుకోవట్లేదు, కానీ రెండోసారి వేస్తే చేతిలో కాగితం ఉండాలి, ఈసారి చెరిగిపోనిది అన్నాడు. ఇన్నేళ్లలో అతను సూటిగా మాట్లాడింది అదే.

కాగితం నా దగ్గర లేదు.

అక్టోబర్ 9, బుధవారం

టైలర్ పేరు లిస్టులోంచి ఎవరూ తీయలేదు. అరవై ఒకటి నుంచి ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చింది. ఈ ఉదయం అతని వంతు వచ్చింది.

ఇంట్లో అత్త ఒక్కతే ఉంది. అల్మరాలో స్కూటర్ హారన్ మోగింది. ఆమె ఫోన్ పట్టుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా, రెండు వీధులు పరిగెత్తింది. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపాడు. సూపర్‌వైజర్ రావాలన్నాడు. సూపర్‌వైజర్ లోపలెక్కడో ఉన్నాడు. కోడలు బయటికి వచ్చేసరికి రెండో మెసేజ్ కూడా వచ్చేసింది.

పదిహేను నిమిషాల్లో ఖరారు చేయండి. మీరు రాలేదు.

రెండూ చెరపకుండా కోడలు నాకు పంపింది. ఇదిగో కాగితం, పాతదే నడుస్తోంది అని రాసి డెస్క్‌కు పంపాను.

చనిపోయిన కొడుకు కోసం ఆమె ఎందుకు పరిగెత్తిందో కోడలు అడగలేదు. నేనూ అడగలేదు. అత్త గేటు పక్కన నేల మీద కూర్చుని ఉందట. ఫోన్ కోడలి చేతికిచ్చి, ఇంత పరిగెత్తినా అందలేదు, ఇది ఎవరికి అందుతుందే, అందట.